ఉప్పు కాలువలో లేని పేజీలు

కొట్టు పెట్టిన నాటినుంచీ తొకుజోకి ఒక సందేహం ఉండేది. ఈ బొమ్మల కథలు ఎవరికోసం గీస్తారు? పిల్లలకా, పెద్దలకా?

ఎవరినైనా అడిగితే నవ్వుతారని అడగలేదు. బియ్యం అమ్మేవాడు బియ్యం ఎవరు తింటారని అడిగినట్టుంటుంది. ఒసాకాలో, కాలువకి ఇవతల చిన్న చిన్న కార్ఖానాల మధ్య అతనిది అద్దె పుస్తకాల కొట్టు. బడి వదిలాక పిల్లలు వచ్చేవారు. కార్ఖానాల సైరన్ మోగాక, చేతులకి నూనె మరకలతో కుర్రకారు వచ్చేవారు. మధ్యాహ్నం పిల్ల చేతిలో ఉన్న పుస్తకమే సాయంత్రం లేత్ పనివాడి చంకలో ఉండేది. తొకుజో ఆ పుస్తకాలు ఒక్కటి కూడా చదివి ఎరగడు. ప్రతి పుస్తకాన్నీ మాత్రం తన చేత్తోనే కుట్టేవాడు.

ఆ పనంటే అతనికి ఇష్టం. కొత్త పుస్తకం రాగానే అట్ట విప్పి, ఇనప పిన్నులు పీకేసేవాడు. వాటిని ఉంచితే తుప్పు పట్టి కాగితం తినేస్తాయి. వెన్ను పక్కన ఆరతో కన్నాలు పొడిచి, మైనం రాసిన దారంతో బిగించి కుట్టేవాడు. అట్ట కింద దళసరి కాగితం అంటించి, పైన పల్చటి ప్లాస్టిక్ తొడిగేవాడు. వందమంది చేతులు మారినా ఊడకూడదు. కుట్టు బిగిస్తూ పెదవుల్లో బుద్ధనామం అనుకోవడం అతని అలవాటు. అలా నామంతో కుట్టిన పుస్తకంలో పిస్తోళ్ళూ దొంగలూ ఉంటారని తెలుసు. దాని గురించి ఎక్కువ ఆలోచించేవాడు కాదు.

ఆ వసంతంలో ఆలోచించక తప్పలేదు. పోయినవాళ్ళకి దండం పెట్టుకునే వారం మొదలైన రోజున తల్లుల సంఘం నుంచి కబురొచ్చింది. వారం ఆఖర్న బడిలో సమావేశం ఉంటుంది. ఈ లోపు కొట్టులో పుస్తకాలన్నీ రెండు అరలుగా పెట్టాలి. ఒకటి పిల్లలది, ఒకటి పెద్దలది. లేకపోతే పిల్లల్ని ఆ కొట్టు గడప తొక్కనివ్వరు.

"రెండు అరలంటే రెండు అరలే పెడదాం," అంది భార్య షిజు. "అందులో కష్టమేముంది?"

"ఏది ఎందులో పెట్టాలో నువ్వు చెప్పు."

షిజు నాలుగు పుస్తకాలు చేతిలోకి తీసుకుని, అట్టలు చూసి, మళ్ళీ కిందపెట్టేసింది.

సాయంత్రం బల్బుల కార్ఖానాలో పనిచేసే ఫుసా వచ్చినప్పుడు తొకుజో ఆ పిల్లనే అడిగాడు. ఫుసా నోటికి అడ్డూ ఆపూ లేదు.

"అదేమంత పని బాబాయ్. పేజీలు తిప్పి చూడు. బెల్లం పాకం మరకుంటే పిల్లలది. నూనె మరకుంటే మాది."

"రెండూ ఉంటే?"

"రెండూ ఉంటే మంచి పుస్తకం. నాకు ఇచ్చెయ్."

తొకుజో నవ్వాడు కాని, ఆ పిల్ల వెళ్ళాక నిజంగానే కొన్ని పుస్తకాలు దీపం కిందికి తీసుకెళ్ళి మరకలు చూశాడు. దాదాపు అన్నిట్లో రెండూ ఉన్నాయి.

మర్నాడు షిజు కుట్టు వదులైన పుస్తకాలు ముందేసుకుని కూర్చుంది. అందులో 'ఉప్పు కాలువ' రెండో భాగం ఉంది. ఆ వరసంటే కొట్టులో గిరాకీ. ఒక దొంగ కథ. ఎవరో ఊరూ పేరూ తెలియని కుర్రాడు గీస్తున్నాడని టోకు వ్యాపారి చెప్పాడు. షిజు పాత దారం తెంపి, కాగితాలు విడదీసి, వెన్ను దగ్గర ఆగింది.

"ఏమండీ, ఇలా రండి."

చివరి అట్టకి ముందు, కుట్టులో చిక్కుకుని వేలి వెడల్పు కాగితం ముక్క నిలబడి ఉంది. మిగతా కాగితం లేదు. కోత తిన్నగా, ఎక్కడా వంకర లేకుండా ఉంది.

తొకుజో మొదటి భాగం తీశాడు. అందులోనూ అంతే. మూడోదీ అంతే. అన్నిట్లోనూ కథ ముగిసే చోటే.

"ఎవరూ చెప్పలేదేం?" అంది షిజు.

అదే అతనికీ అర్థం కాలేదు. ఆ సాయంత్రం ఫుసాని అడిగితే ఆ పిల్ల నోరు తెరిచింది. "కోసేశారా? అయ్యో, మేం ఇంకోలా అనుకున్నాం. చివర ఏమీ తేల్చకుండా వదిలేస్తున్నాడు, పెద్దవాళ్ళ కథలంటే ఇలాగే ఉంటాయి కాబోలు అనుకున్నాం. మా గదిలో దాని గురించి పెద్ద చర్చ కూడా జరిగింది."

అప్పటినుంచి తొకుజో అందరి చేతులూ చూడడం మొదలుపెట్టాడు. ఇదివరకు డబ్బులు తీసుకునేటప్పుడు మొహాలు చూసేవాడు. ఇప్పుడు వేళ్ళు చూస్తున్నాడు. ఎవరైనా పుస్తకం మూలలోకి తీసుకెళితే మెడ సాచేవాడు. ఎవరి జేబు ఉబ్బెత్తుగా ఉన్నా అందులో ఏముందోనని లోలోపల లెక్క కట్టేవాడు. పూచీ డబ్బు అడగకుండా, పేరు చెబితే చాలునని పుస్తకం ఇచ్చే కొట్టు అది. నమ్మకం మీద నడిచే కొట్టులో కూర్చుని ఎవర్నీ నమ్మకుండా ఉండడం ఎంత అలుపో అతనికి ఆ రెండు రోజుల్లో తెలిసింది.

అన్ని అనుమానాలూ చివరికి ఇసావో మీద వచ్చి ఆగాయి.

ఇసావోది పడమటి కొండల్లో ఏదో పల్లె. బడి అవగానే రైలెక్కి వచ్చి లేత్ కార్ఖానాలో చేరాడు. ఇప్పుడు ఇరవై దాటి ఉంటాయి. ఆరుగురు పడుకునే గదిలో ఉంటాడు. 'ఉప్పు కాలువ' మూడు భాగాలూ ఒకటికి రెండుసార్లు తీసుకెళ్ళింది అతనే. ఒకసారి, "ఇది అమ్ముతారా బాబాయ్?" అని కూడా అడిగాడు. పైగా అతని చొక్కా జేబులో ఎప్పుడూ నూనె కాగితంలో చుట్టిన చిన్న బ్లేడు ఉంటుంది. ఇత్తడి ముక్కల అంచులు గీకడానికట.

సైరన్ మోగిన కాసేపటికి ఇసావో వచ్చాడు. కొట్టులో మరో నలుగురైదుగురున్నారు. తొకుజో మూడు పుస్తకాలూ బల్ల మీద విప్పి పెట్టాడు.

"ఇది చూడు."

ఇసావో చూశాడు. మొహంలో ఆశ్చర్యం లేదు. అదే తొకుజోకి గుచ్చుకుంది.

"నీకు ముందే తెలుసా?"

"తెలుసు బాబాయ్. నేను తీసుకున్నప్పటికే లేవు. బద్ద పెట్టి కోసినట్టుంది అంచు."

"తెలిస్తే చెప్పవేం?"

"చెబితే నేనే కోశానంటారని."

"ఇప్పుడు మాత్రం ఏమంటారనుకున్నావ్?"

వెనక ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు. ఇసావో మెడ ఎర్రబడింది. జేబులోంచి నూనె కాగితం పొట్లం తీసి బల్ల మీద పెట్టాడు.

"ఇదేగా మీ అనుమానం? చూసుకోండి. దీంతో కాగితం కోస్తే అంచున నూనె మరక పడుతుంది. పడిందా?"

పడలేదు. తొకుజోకి అది కనిపించింది. కాని నలుగురి ముందు మొదలుపెట్టిన మాట వెనక్కి తీసుకోవడం చేతకాలేదు.

"బ్లేడు కడుక్కోవచ్చుగా," అన్నాడు. "ఇకనుంచి ఇక్కడికి రాకు."

ఇసావో పొట్లం తిరిగి జేబులో పెట్టుకున్నాడు. గుమ్మం దగ్గర టోపీ తీసి, పల్లెటూరి మర్యాదతో వంగి దండం పెట్టి వెళ్ళిపోయాడు. ఆ దండం తొకుజోకి చెంపదెబ్బలా తగిలింది. అయినా మర్నాడు పొద్దున టోకు బజారులో తోటి కొట్లవాళ్ళకి ఆ పేరు చెప్పాడు. అది వాళ్ళలో కట్టుబాటు. పుస్తకం పాడుచేసినవాడి పేరు ఒకరు చెబితే, ఆ పేటలో ఏ కొట్టూ వాడికి ఇవ్వదు. ఆరుగురు పడుకునే గదిలో, నెలకి రెండే సెలవులున్న కుర్రాడికి పుస్తకం లేకుండా చేయడమంటే ఏమిటో చెప్పేటప్పుడు అతనికి తట్టలేదు. ఇంటికి వచ్చి బుద్ధుడి గూటి ముందు దీపం వెలిగిస్తుంటే తట్టింది.

ఆ మధ్యాహ్నం ఒకునోగారు వచ్చింది. కుట్టుపని చేసుకుని బతికే వితంతువు. తల్లుల సంఘంలో చెడ్డ పుస్తకాల మీద కన్నేసి ఉంచే పని ఆవిడదే. సొంత బిడ్డలు లేకపోయినా, తమ్ముడి కూతుర్ని పెంచుతోంది కాబట్టి సంఘంలో ఉంది. ఎప్పుడూ ముదురు రంగు కిమోనో, ఒక్క ముడత లేకుండా. తొకుజో వెళ్ళే గుడికే ఆవిడా వస్తుంది. కిందటి శరత్తు నుంచి కొత్త పుస్తకం ఏది వచ్చినా ముందు ఆవిడకి చూపించి, తిరిగి వచ్చాకే అరలో పెట్టడం అలవాటైంది.

"అరలు ఇంకా పెట్టలేదే," అంది గుమ్మంలోనే.

"ఎలా పెట్టాలో తెలియడం లేదండీ."

"తెలియకపోవడానికి ఏముంది? బొమ్మలున్నాయంటే పిల్లలకే. పిల్లలకైతే శుభ్రంగా ఉండాలి. శుభ్రంగా లేనివి తీసెయ్యాలి. పెద్దవాళ్ళకి బొమ్మలతో ఏం పని?"

"సాయంత్రం వచ్చేవాళ్ళంతా పెద్దవాళ్ళేనండీ."

"వాళ్ళూ పిల్లలే. అమ్మల దగ్గర ఉండవలసిన వయసు."

ఆ మాట ఆవిడ అంత కటువుగా అనలేదు. తొకుజో కొత్తగా కుట్టిన పుస్తకాలు మూటగట్టి ఇచ్చాడు. అందులో 'ఉప్పు కాలువ' నాలుగో భాగం ఉంది. ఆవిడ మూట అక్కడే విప్పి, దాన్ని పైకి పెట్టుకుని మళ్ళీ కట్టింది.

మర్నాడు పుస్తకాలు తిరిగొచ్చాయి. షిజు ఒక్కొక్కటీ తుడిచి అరలో పెడుతూ, నాలుగో భాగం చేతిలోకి తీసుకుని అలవాటుగా వెన్ను తడిమింది. తర్వాత దాన్ని తెచ్చి భర్త ఒళ్ళో పెట్టింది.

వేలి వెడల్పు ముక్క. తిన్నటి కోత.

"ఇసావో దీన్ని ముట్టుకోనేలేదు," అంది షిజు.

తొకుజో పుస్తకాన్ని వెలుతురు వైపు తిప్పాడు.

"ఇంకోటి చూడండి. ఈ అంచు పక్కన వేలు పెట్టి రాయండి."

రాశాడు. కోతకి కాస్త ఇవతల, కంటికి కనపడని సన్నటి గాడి ఉంది. ఎక్కడా తెగకుండా, ఒకే లోతులో.

"ఎముక బద్దతో నొక్కిన గీత అది. కిమోనో గుడ్డ కోసేముందు అలాగే గీత నొక్కుతాం, కత్తెర తప్పిపోకుండా. మా అమ్మ కాగితం కోసినా అలవాటుకొద్దీ అలాగే నొక్కేది."

బద్ద పెట్టి కోసినట్టుంది అని ఇసావో అన్న మాట తొకుజోకి గుర్తొచ్చింది. అతనికి సగం కనిపించింది. తనకి అదీ కనిపించలేదు.

ఒకునోగారిని అనుమానించాలన్న ఆలోచన తనకి ఒక్కసారీ ఎందుకు రాలేదో అతనికి అప్పుడు అర్థమైంది. ఆవిడ ఆ పుస్తకాలు చదువుతుందని అనుకోలేదు. పిల్లలకోసం తనిఖీ చేసేవాళ్ళు చదివేవాళ్ళ లెక్కలోకి రారు. కుట్టేవాడు తానూ రానట్టే.

"చెడ్డ పేజీలని కోసేసి ఉంటుంది," అన్నాడు చివరికి. "పిల్లలు చూడకూడదని."

"అయితే చెప్పి కొయ్యచ్చుగా."

ఏ పేజీలు కోసిందో తెలియాలంటే మిగిలినవి చదవాలి. తొకుజో కొట్టు వెనక, వెలుతురు పడే చోట చాప మీద కూర్చుని మొదటి భాగం తెరిచాడు. మొదట బొమ్మ చూసి తర్వాత అక్షరాలు చదవాలో, అక్షరాలు చదివి బొమ్మ చూడాలో తెలియక తికమకపడ్డాడు. కాసేపటికి ఆ సంగతి మరిచిపోయాడు. షిజు నూడిల్స్ తెచ్చి పక్కన పెడితే అవి చల్లారిపోయాయి.

అందులో ఒక మనిషి. యుద్ధం నుంచి తిరిగొచ్చి, పని దొరక్క దొంగల్లో కలిశాడు. ఒకచోట కత్తిపోట్లున్నాయి. రెండోదాంట్లో ఒక చావు ఉంది, నల్లటి సిరా వాన పడినట్టు. ఆ పేజీలు అన్నీ ఉన్నాయి. ఒక్కటీ కొయ్యలేదు. ప్రతి భాగం చివరా వాడు కాలువ గట్టున ఒక సందు వైపు నడవడం మొదలుపెడతాడు. అక్కడ కాగితం లేదు. తర్వాతది ప్రకటనల అట్ట.

నెత్తురు వదిలేసి, సందు కోసుకుపోవడమేమిటి?

ఆ ప్రశ్నతోనే మర్నాడు ఒకునోగారి ఇంటికి వెళ్ళాడు. వెళ్ళే దారిలో గుడి ఉంది. ఆ వారమంతా అక్కడ నరకం బొమ్మల తెర వేలాడదీస్తారు. కత్తుల కొండ మీదికి మనుషుల్ని తోలేవాళ్ళూ, కాగే నూనెలో ముంచేవాళ్ళూ. ఒక ముసలమ్మ మనవరాలిని ఎత్తుకుని అది చూపిస్తోంది. ఇద్దరూ ఒకేలా నోళ్ళు తెరుచుకుని చూస్తున్నారు. ఈ తెర పిల్లలదా పెద్దలదా అని ఎవరైనా ఎప్పుడైనా అడిగారా, అనుకున్నాడు తొకుజో. చేతులు జోడించి, జవాబు రాకుండానే ముందుకు నడిచాడు.

ఒకునోగారు కుట్టుపలక ముందు ఉంది. ఎముక బద్ద, కత్తెర, సూదుల దిండు వరసగా ఉన్నాయి. ఆవిడ పని పక్కకు జరిపి, తీపి ముద్ద పూసిన అన్నం ఉండలు ఒక పళ్ళెంలో తెచ్చి పెట్టింది. ఆ వారం ఎవరి ఇంటికి వెళ్ళినా అవే.

తొకుజో ఉండ ముట్టుకోలేదు. నాలుగు పుస్తకాలూ చాప మీద పెట్టాడు.

"గీత నొక్కి కోశారు," అన్నాడు.

ఆవిడ ఒక పుస్తకం తెరిచి కోత మీద వేలు రాసింది. కాదంటుందేమోనని అతను భయపడ్డాడు. ఆవిడ లేచి, బుద్ధుడి గూటి కింద సొరుగు లాగి, కిమోనోలు చుట్టే కాగితంలో మడిచిన పొట్లం తెచ్చింది. అందులో మూడు పేజీలు, ఒకదాని కింద ఒకటి, అంచులు కలిపి.

"చూడండి. సందు."

ఇరుకు సందు. ఒక పక్క ఊరుమ్మడి స్నానాలశాల పొయ్యి గొట్టం. చివర కాలువలోంచి పైకి మెట్లు. మెట్ల మీద ఒక ఇల్లు, వంటింటి కిటికీలో దీపం.

"మూడో మెట్టు చూశారా, అంచు విరిగి ఉంది."

చూశాడు. సిరా గీతలో ఆ చిన్న విరుగు స్పష్టంగా ఉంది.

"అది మా ఆయన విరగ్గొట్టాడు. కొత్త ఇనప పొయ్యి దింపుతూ జారవిడిచాడు. నేను తిట్టాను. పొయ్యికి ఏం కాలేదు కదా అన్నాడు." ఆవిడ వేలు కిటికీ దగ్గరికి వెళ్ళింది. "ఇది మా వంటిల్లు. యుద్ధంలో, విమానాలు నిప్పులు కురిపించిన రోజున ఆయనా, అత్తగారూ లోపలే ఉన్నారు. నేను తమ్ముడి ఇంటికి వెళ్ళాను. ఫోటోలన్నీ లోపలే. ఆ సందు మొత్తంలో ఒక్క ఫోటో ఎవరి దగ్గరా మిగల్లేదు తొకుజోగారూ. నేను అడగని మనిషి లేడు."

"ఈ బొమ్మ గీసింది ఎవరో..."

"తెలీదు. ఆ మెట్ల మీద ఆడుకున్న పిల్లాడే అయ్యుండాలి. లేకపోతే ఆ విరుగు ఎలా తెలుస్తుంది? పిల్లల్ని పాడుచేసే పుస్తకం ఎలా ఉంటుందో చూద్దామని తెరిచాను. ఆఖర్న మా ఇల్లుంది."

బయట ఎవరో చెక్క చెప్పులతో టకటకా నడిచి వెళ్ళారు.

"పుస్తకమే కొనుక్కోవచ్చుగా," అన్నాడు తొకుజో. అని, ఆ మాట తనకే మోటుగా అనిపించి తలదించుకున్నాడు.

"నేనా? కొట్లోకి వెళ్ళి ఆ పుస్తకం ఇమ్మని? ప్రతి సమావేశంలోనూ దాన్ని తీసెయ్యమని అరిచేది నేనే. ఇదొక్కటీ ఎవరికీ అక్కర్లేని పేజీ అనుకున్నాను. దొంగతనం లేదు, పోట్లాట లేదు. మనిషి నడుస్తాడు, ఆగుతాడు. పిల్లలు ఎవరూ అడగరనుకున్నాను."

"పిల్లలు అడగలేదు," అన్నాడు తొకుజో.

తర్వాత ఇసావో సంగతి చెప్పాడు. నూనె కాగితం పొట్లం గురించీ, టోకు బజారులో పేరు చెప్పడం గురించీ. ఆవిడ మొహంలో రంగు పోయింది. పళ్ళెం అతని ముందునుంచి తీసి, ఏం చేస్తోందో తెలియనట్టు మళ్ళీ అక్కడే పెట్టింది.

ఆ పేజీలు తిరిగిమ్మని అడగడానికే అతను వచ్చాడు. అడగలేకపోయాడు. "ఒక్కసారి చదవనిస్తారా?" అని మాత్రం అడిగాడు. మూడింటినీ రెండు వైపులా చదివాడు. నోటికి వచ్చేదాకా చదివాడు. లేవబోతుంటే ఆవిడ కుట్టుపెట్టె అడుగునుంచి మరో కాగితం తీసింది. నాలుగోది. ఒకసారి మడిచి ఉంది.

"దీన్ని వాటితో పెట్టలేకపోయాను. ఇది పుస్తకంలోనే ఉండనివ్వండి."

అందులోనూ అదే సందు. మెట్లున్నాయి, విరిగిన అంచుతో సహా. మెట్లెక్కాక ఏమీ లేదు. ఖాళీ నేల, గడ్డి. మొదటి మూడు భాగాల్లోనూ దొంగ చూసిన ఇల్లు వాడి తలకాయలోదే.

ఆవిడ సూది తీసి, నాలుగో భాగం ఒళ్ళో పెట్టుకుని, మిగిలి ఉన్న ముక్కకి ఆ కాగితాన్ని సన్నటి పట్టీతో అతికి, కనపడని కుట్లతో కుట్టి ఇచ్చింది. తొకుజో కుట్టుకన్నా బాగుంది.

బడిలో సమావేశం రోజున తల్లులు చాలామంది వచ్చారు. తొకుజో తలుపు దగ్గర మోకాళ్ళ మీద కూర్చున్నాడు. అధ్యక్షురాలు అరల గురించి అడిగేసరికి ఒకునోగారు లేచింది.

"అంతకుముందు ఒక మాట. తొకుజోగారి కొట్లో పేజీలు కోసింది నేను. లేత్ కార్ఖానా కుర్రాడు కాదు. పిల్లలకోసం కొయ్యలేదు. నాకోసం కోసుకున్నాను."

గదిలో గుసగుసలు లేచాయి. ముందు వరసలో ఒకావిడ పక్కావిడతో, అందరికీ వినపడేట్టే, "మన పిల్లల్ని చూసే మనిషినే ఇంకెవరో చూడాల్సి వచ్చేట్టుంది," అంది.

"నిజమేనమ్మా," అంది ఒకునోగారు. "ఇకనుంచి ఇంకెవరైనా చూడండి. ఏది పిల్లలదో ఏది పెద్దలదో నేను చెప్పగలననుకున్నాను. చెప్పలేను."

ఆవిడ కూర్చుంది. కిమోనో మోకాళ్ళ దగ్గర ముడత పడితే సర్దుకోలేదు. అరల సంగతి ఆ రోజు తేలలేదు. మరో సమావేశానికి వాయిదా వేశారు.

సోమవారం పొద్దున తొకుజో టోకు బజారుకి వెళ్ళి, పేరు చెప్పిన ప్రతి కొట్టువాడి దగ్గరికీ తిరిగి, పొరపాటు తనదని చెప్పాడు. కొందరు సరేలే అన్నారు. ఒకడు మాత్రం, "మనుషుల పేర్లు బంగాళాదుంపలా, తూకం తప్పితే మళ్ళీ వెయ్యడానికి?" అన్నాడు. తొకుజో దానికీ తల వంచాడు.

మధ్యాహ్నం భోజనాల వేళకి లేత్ కార్ఖానా గేటు దగ్గర నిలబడ్డాడు. పనివాళ్ళు గోడ వారగా, నూనె డబ్బాల మీద కూర్చుని అన్నం డబ్బాలు విప్పుతున్నారు. ఇసావో చివర ఉన్నాడు. తొకుజోని చూసి డబ్బా మూత మళ్ళీ పెట్టేశాడు.

తొకుజో అందరి మధ్యలోంచి నడిచి, అతని ముందు నిలబడి, నడుం పూర్తిగా వంచాడు. ఆ రోజు నలుగురి ముందు అన్నాడు కాబట్టి ఇవాళా నలుగురూ ఉండగానే.

"పేజీలు కోసింది నువ్వు కాదు. నేను అన్న మాట తప్పు. కొట్లన్నిట్లో చెప్పి వచ్చాను. ఎక్కడైనా తీసుకోవచ్చు."

ఇసావో డబ్బా మూత మీద వేలితో గీతలు గీస్తున్నాడు.

"ఎవరు కోశారు?"

"ఒకునోగారు. నిన్న నలుగురిలో తనే చెప్పింది. ఆ పేజీలో ఉన్నది ఆవిడ ఇల్లు. కాలిపోయింది."

ఇసావో తలెత్తాడు. "నిజం ఇల్లా?"

"నిజందే."

"అందుకే కాబోలు అంత జాగ్రత్తగా కోసింది." చుట్టూ చూశాడు. "నడుం ఎత్తండి బాబాయ్. అందరూ చూస్తున్నారు."

తొకుజో నడుం ఎత్తాడు కాని వెళ్ళలేదు. పక్కనున్న ఖాళీ డబ్బా లాక్కుని దాని మీద కూర్చున్నాడు.

"ఇంకో పని ఉంది. కిందటేడు నుంచి నీ దగ్గర మూడు పుస్తకాలకి అద్దె తీసుకున్నాను. మూడిట్లోనూ కథ సగమే ఇచ్చాను. మిగతాది చెప్పి పోతాను."

"మీరు చదివారా?"

"చదివాను."

ఒక పనివాడు నవ్వాడు. "ఈయన బుద్ధనామం తప్ప ఇంకోటి చదవడన్నారుగా."

"చెప్పనివ్వరా," అన్నాడు ఇంకొకడు, డబ్బా పట్టుకుని దగ్గరికి జరుగుతూ.

తొకుజోకి కథ చెప్పడం రాదు. ముందు చెప్పాల్సింది వెనక చెప్పి, వెనక్కెళ్ళి మళ్ళీ చెప్పాడు. మొదటి భాగంలో దొంగ సందు మొదట్లోనే ఆగిపోతాడు. కిటికీలో దీపం చూసి వెనక్కి తిరుగుతాడు. రెండోదాంట్లో మెట్లెక్కుతాడు. మూడో మెట్టు దగ్గర, విరిగిన చోట కాలు పడకుండా, చూడకుండానే పక్కకి వేస్తాడు.

"చూడకుండానే?" అన్నాడు ఇసావో.

"చూడకుండానే. అక్కడ పెరిగినవాడు కదా. అక్కడే కూర్చుంటాడు. లోపల ఎవరో ముల్లంగి తరుగుతున్న చప్పుడు."

"మూడోదాంట్లో?"

"తలుపు మీద చెయ్యి వేస్తాడు. అప్పుడు స్నానాల పొయ్యి దగ్గరనుంచి ఒకావిడ, ఎవరు కావాలి నాయనా, అంటుంది. ఇల్లు తప్పు వచ్చానమ్మా అంటాడు. అంతే. అక్కడితో అయిపోతుంది."

గోడ వారగా ఎవరి చాప్‌స్టిక్స్ చప్పుడూ లేదు. ఇసావో డబ్బా మూత తీసి, ఊరగాయ ముల్లంగి ముక్క ఒకటి నోట్లో వేసుకుని, మెల్లిగా నమిలాడు. మూత మీద మరో ముక్క పెట్టి తొకుజో వైపు జరిపాడు. తొకుజో తీసుకున్నాడు.

"మేం అనుకున్నదానికంటే ఇదే బాగుంది," అన్నాడు ఇసావో. "సరే బాబాయ్. మూడింటికీ లెక్క సరిపోయింది."

లోపల సైరన్ మోగింది. అందరూ టోపీలు పెట్టుకుంటూ లేచారు. ఇసావో గేటు దాకా వెళ్ళి వెనక్కి తిరిగాడు.

"నాలుగోది వచ్చిందటగా. దాంట్లో ఏమవుతుంది?"

"దానికి నువ్వింకా అద్దె ఇవ్వలేదు," అన్నాడు తొకుజో. "అన్ని పేజీలూ ఉన్నాయి. సాయంత్రం వచ్చి తీసుకో."